కద్మాకి మోసుకెళ్ళిన నవల

జంషెడ్‌పూర్ వెళ్ళొచ్చానని చెప్పగానే మా బళ్ళో తోటి టీచర్లు అడిగే ప్రశ్న ఒకటే. "ఇనుము కరగడం చూశావా?" ఇన్నేళ్ళుగా వెళ్తున్నాను గానీ ఇనుము కరగడం ఎప్పుడూ చూడలేదు. పొద్దు వాలాక ఆకాశం ఒక మూల ఉన్నట్టుండి ఎర్రబడి, కాసేపుండి ఆరిపోవడం మాత్రం చూశాను. కొలిమిలోంచి తీసిన మడ్డిని గుట్ట మీద ఒంపుతారట, ఆ వెలుగట అది. మావారు ఆ కార్ఖానాలోనే పనిచేస్తారు కదా, పోనీ మీరు చూశారా అని అడిగితే, "సూడ్డానికి అదేటి సినిమావేటే? ఆ వేడికి కళ్ళు తెరవనేం" అన్నారు. కాబట్టి ఇనుము సంగతి తెలుసుకోవాలనుకున్నవాళ్ళు ఇది చదవనక్కర్లేదు. నేను ఒక పుస్తకాన్ని అక్కడికి మోసుకెళ్ళిన కథ ఇది.

మాది రెండూళ్ళ కాపురం. నేను శ్రీకాకుళం జిల్లా మందసలో చిన్నబడి టీచర్ని. ఆయనది జంషెడ్‌పూర్‌లో ఉక్కు పని. ఆయన ఉద్యోగం వదిలితే మళ్ళీ రాదు, నాదీ అంతే. మా అమ్మాయి శైలజని తొమ్మిదో ఏట, మంచి బడి ఉందని అక్కడికి పంపాం. మా అత్తగారు పెంచారు. ఆవిడ పోయాక తండ్రీ కూతుళ్ళే వండుకు తింటున్నారు. నా వంతుకి వేసవి సెలవులు, దసరా సెలవులు. ఈ ఏడు అది పన్నెండో తరగతి ప్యాసయింది. విశాఖపట్నంలో కాలేజీకి వస్తుందని ఎంత ఆశపడ్డానో చెప్పలేను. శనివారం మధ్యాహ్నం బండెక్కితే పొద్దుపోయే వేళకి పిల్లని చూడొచ్చు, ఆదివారం తలంటి పోయొచ్చు అని మనసులో కాపురం పెట్టేశాను. అది రాంచీ అంది. స్నేహితురాళ్ళంతా అక్కడే చేరుతున్నారట.

కాలేజీ సెలవులు, నా సెలవులు కలుస్తాయో లేదో ఎవరికి తెలుసు? వేసవి సెలవులు కాస్తా ఈసారి ట్రైనింగు క్లాసులకి పోయాయి. అందుకని జూలైలో సెలవు పెట్టి, అది హాస్టలుకి వెళ్ళేలోగా చూడాలని బయల్దేరాను. పట్టుమని పదేళ్ళయినా నా చేతి కింద పెరగని పిల్లతో నావంటూ ఏం వెళ్తాయి? అన్నం వాళ్ళ నాయనమ్మ పెట్టింది. జడ తనే వేసుకోవడం నేర్చుకుంది. ఆలోచించి ఆలోచించి, నా దగ్గరున్న నవల ఒకటి ఇద్దామనుకున్నాను.

అది టీచర్ ట్రైనింగుకి వెళ్ళేటప్పుడు నేను కొనుక్కున్న నవల. బెంగాలీ నుంచి తెచ్చిన కథే. ఆ రోజుల్లో మా వైపు ఆడపిల్లలం బెంగాలీ కథలన్నీ మనవే అనుకుని చదివాం. వీధి వీధంతా తిరిగొచ్చేసరికి దాని అట్టా, మొదటి కాగితాలూ పోయాయి. గట్టి అట్ట వేసి కుట్టించి, మీద పూల కాగితం అంటించాను.

పలాస

బండెక్కగానే పక్క సీటు ముసలమ్మ నా సామానంతా కళ్ళతో తడిమేసింది. పేరు నారాయణమ్మ, టెక్కలి దగ్గర పల్లె. జంషెడ్‌పూర్‌లోనే, సోనారిలో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్తోంది. అక్కడ కొడుకు ఇంటి మీద నుంచే చిన్న విమానాలు వెళ్తాయనీ, మొదటిసారి చూసి మంచం కిందకి దూరిందనీ అడక్కుండానే చెప్పింది.

"గుంటకేటి పట్టుకెల్తన్నావమ్మా?"

"జీడిపప్పు, ఆవకాయ, తాటి తాండ్ర. ఇంకా ఒక పుస్తకం."

"పుస్తకవా? ఆటిని బడోలే ఇత్తారు కదేటి! ఇంత దూరం మోసుకెల్లడవేటి?"

"బడి పుస్తకం కాదు, నవల. కాలేజీకి వెళ్తోంది కదా, దగ్గరుంచుకుంటుందని."

ముసలమ్మ పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి, పూల కాగితం బాగుందని మెచ్చుకుని, తిరిగిస్తూ అంది: "ఇవి మన అచ్చరాలే కదా? ఆ గుంటకొచ్చా మరి?"

నాకు చురుక్కుమంది. ఊరందరి పిల్లలకీ ఓనమాలు దిద్దించేదాన్ని, నా కూతురికి రావా! అదే మాట అన్నాను. నారాయణమ్మ నొచ్చుకోలేదు. "ఏమోనమ్మా. మా మనవలు నాను తెలుగులో అడిగితే ఆళ్ళు హిందీలో సెప్తారు. నాకర్దం కాదు, ఆళ్ళకి నవ్వు. తాండ్ర పెడితే మాత్రం ఏ బాసా అక్కర్నేకుండా తినేత్తారు" అంది.

ఖరగ్‌పూర్

ఇక్కడ బండి మారాలి. ఈ స్టేషన్లో తెలుగు మాట వినబడకపోతే ఆశ్చర్యపోవాలి గానీ వినబడితే కాదు. టీ అమ్మే అతను ముందు బెంగాలీలో అరిచి, నారాయణమ్మ ముక్కుపుడక చూసి, "టీ కావాలేటమ్మా?" అని తెలుగులోకి దిగిపోయాడు.

టీ మట్టి పిడతలో ఇస్తారు. పావలా. తాగాక పట్టాల మీదకి విసిరి పగలగొట్టాలి. మన దగ్గర గాజుగ్లాసుని బకెట్లో ఒక్క ముంచు ముంచి ఇంకొకరికి పోసిస్తారు కదా, దాంతో పోలిస్తే ఇదే శుభ్రం. కానీ నారాయణమ్మకి పిడత విసరడానికి చెయ్యి రాలేదు. "కుమ్మరోడు సేసిన సామాను, సిట్టిసిట్టి ముంతలు, ఎలాగ పగలగొడతావమ్మా!" అని తనదీ నాదీ కలిపి కొంగుతో తుడిచి మూటలో పెట్టేసుకుంది. పక్కన నిలబడ్డ బెంగాలీ ఆయన అది చూసి నవ్వి తన పిడత కూడా ఇవ్వబోయాడు. ఎంగిలిదని వద్దంది.

వాన మొదలైంది. బండి కిటికీ తలుపు సగంలో బిగుసుకుపోయి జల్లు లోపలికి కొట్టింది. సంచీ తడిస్తే తడిసిందని, పుస్తకం మాత్రం చీర కుచ్చిళ్ళలో దోపుకున్నాను. జీడిపప్పు పొట్లం మెత్తబడిపోయింది. దిగేటప్పుడు నారాయణమ్మ, "పప్పు తడిసినా పుస్తకం తడవనేదు, అదృష్టవంతురాలు నీ కూతురు" అంది. వెక్కిరించిందో దీవించిందో ఇప్పటికీ తెలీదు.

కద్మా

శైలు నాకంటే పొడుగైంది. దసరాకి నాతో సమానంగా ఉన్నది, ఇప్పుడు నేను తలెత్తి మాట్లాడాలి. నన్ను చూడగానే, "ఏటమ్మా, ఇంత సన్నబడిపోనావు? సంచి నాకిచ్చీ" అంది. దాని తెలుగు నాయనమ్మ తెలుగు. ఆవిడ నలభై ఏళ్ళ కింద మా ఊరి నుంచి ఏ మాటలు పట్టుకెళ్ళిందో ఆ మాటలే. బళ్ళో పిల్లలకి నేర్పి నేర్పి నా నాలుకే చదునైపోయింది గానీ దాని నోట్లో మా అత్తగారు భద్రంగా ఉన్నారు.

కద్మాలో మావారికిచ్చిన కంపెనీ క్వార్టర్లో నన్ను ఏటా ఆశ్చర్యపరిచేది కుళాయి. ఎప్పుడు తిప్పినా నీళ్ళే. మందసలో బావి దగ్గర మూడు బిందెలకి రెండు తగువులు. ఇక్కడ ఆడవాళ్ళు తగువు కోసం వేరే కారణం వెతుక్కోవాలి. వేళకి సైరన్ కూస్తుంది, ఆ కూతని బట్టే కుక్కర్లు పొయ్యెక్కుతాయి. మావారు మధ్యాహ్నం బి షిఫ్టుకి వెళ్ళిపోయాక తల్లీ కూతుళ్ళం మిగిలాం. చపాతీ అది చేసింది. గుండ్రంగా, పొరలు పొరలుగా పొంగింది. నాకు చపాతీ ఇవాళ్టికీ ఇండియా మ్యాపులాగే వస్తుంది. వంట నేర్చుకోమని దానికి నేను చెప్పే అవసరం లేదని అప్పుడు అర్థమైంది. సంతోషించాలో ఏడవాలో తెలియక ఇంకో చపాతీ వేయించుకున్నాను.

తిన్నాక పుస్తకం తీసి ఇచ్చాను. పూల కాగితాన్ని వేలితో నిమిరింది. "నీదేనా? చిన్నప్పటిదా?" అంది. మొదటి పేజీ చదవవే, ఎలా ఉందో వింటాను అన్నాను.

చదవడం మొదలుపెట్టింది. వరదలో నది గురించి నాలుగు వాక్యాలు. ఇరవై ఏళ్ళ సర్వీసు నాది. అక్షరాలు కూడబలుక్కునే గొంతు నాకు తెలీదా? ఒక్కో అక్షరం దగ్గర ఆగి, వత్తు దగ్గర తడబడి, పదం చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోయి, మళ్ళీ వెనక్కి వెళ్ళి... మా రెండో తరగతిలో కిటికీ పక్క బెంచీ పిల్లలు అలా చదువుతారు.

"శైలూ, ఉత్తరాల్లో రాస్తావు కదే?"

వాళ్ళ నాన్న రాసే ఉత్తరం చివర అది ఎప్పుడూ రెండు లైన్లు రాస్తుంది. 'అమ్మా బాగున్నావా. నేను బాగా చదువుతున్నాను.' ముత్యాల్లాంటి అక్షరాలు. ఎప్పుడూ అవే రెండు లైన్లేమిటి, బద్ధకం కాకపోతే అని విసుక్కునేదాన్ని.

తలొంచుకుంది. "ఆ రెండే వచ్చమ్మా. నాయనమ్మ ఉన్నప్పుడు నాన్న రాసిచ్చినారు, చూసి రాసి రాసి వచ్చేసినాయి. మాట్లాడ్డం వచ్చు. పఢ్‌నా నహీఁ ఆతా."

చదవడం రాదంటోంది. సెలవుల్లో వచ్చినప్పుడు నేనేం చేశానో గుర్తు తెచ్చుకున్నాను. తలంట్లు, జంతికలు, కబుర్లు. పుస్తకం ముందు కూర్చోబెట్టి, ఉన్న ఆ కాస్త రోజుల్లో కూడా టీచర్నై పోవాలని ఎప్పుడూ అనిపించలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. నేను రచ్చంతా గెలిచాను. దానికి వెక్కిళ్ళు వచ్చేలా ఉన్నాయని చూసి, "పోన్లే, నీకొచ్చిన భాషలోనే మంచి పుస్తకం కొనిస్తాను" అన్నాను. నవ్వుతూనే అన్నాను గానీ నా లోపల ఏదో ఖాళీ అయిపోయినట్టనిపించింది.

సాక్చి

మర్నాడు ఒక్కదాన్నీ బయల్దేరాను. శైలుకి చెబితే 'ఎందుకమ్మా ఖర్చు' అంటుంది. రిక్షా అతనికి నా హిందీలో కితాబుల దుకాణం అని చెప్పాను. సాక్చి బజారులో ఒక కొట్టు ముందు దింపాడు. అక్కడ నిజంగానే కొండంత పుస్తకాలున్నాయి. అన్నీ పరీక్ష గైడ్లు. కాలేజీకి వెళ్ళే అమ్మాయికి బహుమతి అనగానే కొట్టువాడు 'పక్కా ప్యాస్' అని ఒక లావుపాటి గైడు తీసి, దుమ్ము దులిపి, గర్వంగా నా చేతిలో పెట్టాడు. పదిహేను రూపాయలట. దాన్ని బహుమతిగా ఇచ్చిన తల్లితో ఏ పిల్లా మళ్ళీ మాట్లాడదు.

మధ్యాహ్నమైంది. రోడ్డు పక్క బొగ్గుల మీద లిట్టి కాలుస్తున్నారు. గోధుమపిండి ఉండలో వేయించిన శనగల పిండి కూరి, నిప్పుల మీద కాల్చి, నేతిలో ముంచి ఇస్తారు. రూపాయికి నాలుగు. పక్కన నంజుకోవడానికి కాల్చిన వంకాయ. మనం కాల్చిన వంకాయలో చింతపండు పిసుకుతాం, వీళ్ళు పచ్చి ఆవనూనె పోస్తారు. మొదటి ముద్దకి ముక్కులోంచి ఆవిరి వచ్చింది. నా పాట్లు చూసి లిట్టీలు కాల్చే ఆవిడ బెల్లం ముక్క చేతిలో పెట్టింది. ఎందుకొచ్చావని అడిగింది. చెప్పాను. కూతురు కాలేజీకి వెళ్తోందని వినగానే ఆవిడ ఇంకో లిట్టి ఊరికే వేసింది. పుస్తకాలు కావాలంటే బిష్టుపూర్ వెళ్ళమంది.

బిష్టుపూర్

ఇక్కడ వీధులు వెడల్పు, కొట్లకి అద్దాలు. ఒక వరండా చివర చిన్న పుస్తకాల షాపు కనబడింది. లోపల ధోవతీ కట్టుకున్న బెంగాలీ పెద్దమనిషి కూర్చుని మరమరాల మిక్చరు తింటున్నాడు. నన్ను చూసి కాగితప్పొట్లం సొరుగులో పెట్టేశాడు.

ఏం కావాలి దీదీ అన్నాడు. కూతురికి పుస్తకం అన్నాను. ఎలాంటి పుస్తకం అన్నాడు. అక్కడొచ్చింది చిక్కు. ఎలాంటి పుస్తకమో నాకు తెలుసు, అది ఇంట్లో పూల కాగితం అట్టతో ఉంది. అలాంటిదే కావాలి. దాని తెలుగు పేరు చెబితే ఆయనకేం తెలుస్తుంది? నాకొచ్చిన బజారు హిందీలో, కూరగాయల బేరానికి తప్ప వాడని ఆ హిందీలో, కథ చెప్పడం మొదలుపెట్టాను.

ఒక నది. పడవ నడిపేవాడు. వాడికి ఒకే కూతురు, తల్లి లేదు. కూతురికి పెళ్ళి, అవతలి ఒడ్డు ఊరికి. తండ్రి రోజూ ఆ ఊరి జనాన్ని పడవలో దింపుతాడు, తను ఒడ్డెక్కడు. ఒకరోజు...

ఆయన చెయ్యెత్తి నన్ను ఆపాడు. మిగతా కథ ఆయనే అందుకున్నాడు. ఒకరోజు కూతురికి జబ్బు చేసిందని తెలుస్తుంది. మండుటెండలో పళ్ళ బుట్ట నెత్తిన పెట్టుకుని తండ్రి వస్తాడు. గడప దగ్గర నిలబడతాడు. కూతురు లేచి మంచినీళ్ళు తెస్తుంది. "ఔర్ బాబా నే పానీ భీ నహీఁ పియా, దీదీ" అని ఆయన కళ్ళజోడు తీసేశాడు. నీళ్ళయినా తాగలేదు.

"ఆ కథ మాది" అన్నాడు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని. మాది కూడా అన్నాను. ఊరుకుంటానా?

ఆ తండ్రి మీద నాకు ఇరవై ఏళ్ళ కోపం. జబ్బుపడ్డ పిల్ల లేచి నీళ్ళు తెస్తే ముట్టకుండా వెళ్ళిపోతాడా? ఏం పంతం అది? ట్రైనింగు హాస్టల్లో ఆ పేజీ చదివి, ఆ కూతురి కోసం దిండు తడిసేలా ఏడ్చాను. అందుకే "బహుత్ బురా బాప్" అనేశాను. చెడ్డ తండ్రి అని.

ఆయన నా వైపు వింతగా చూశాడు. లేచి, లోపలి అరలోంచి ఒక పుస్తకం తీసి నా ముందు పెట్టాడు. హిందీలో అదే నవల. ఎనిమిది రూపాయలు. అంతవరకూ దీదీ దీదీ అన్న మనిషి పైసా తగ్గించలేదు. ఆ తండ్రిని తిట్టకపోతే తగ్గించేవాడేమో.

తగ్గించకపోతేనేం, నా ఆనందం చెప్పనలవి కాదు. వెతకబోయిన తీగ కాలికి తగిలింది. నా పుస్తకమే, నా పిల్లకొచ్చిన అక్షరాల్లో! రిక్షాలో దారంతా దాన్ని ఒళ్ళో పెట్టుకునే వచ్చాను.

వరండాలో

శైలు వరండాలో తన బట్టలు సర్దుకుంటోంది. పుస్తకం చూసింది. అట్ట చూడగానే, "అరే! ఇది నాను చదివేసినానమ్మా" అంది. "నైన్త్‌లో. స్కూల్ లైబ్రరీలో. మూడుసార్లు."

ఎనిమిది రూపాయలు వృథా అయ్యాయన్న బాధ నాకు ఒక్క క్షణం కూడా కలగలేదు. ఈ పిల్ల, నేను ఎదురుగా లేనప్పుడు, ఎవరూ చెప్పకుండా, నా పుస్తకం చదివింది! "నిన్న నువ్వు చదివావే, అదీ ఇదే పుస్తకం" అన్నాను. నమ్మలేదు. లోపలికి పరిగెత్తి నా తెలుగు ప్రతి తెచ్చి రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుంది.

"మూడుసార్లు చదివావా? ఏడ్చావా?"

"ఏడవకుండా ఎవులుంటారు? పళ్ళబుట్ట పట్టుకుని వచ్చినాడు చూడు, అక్కడ."

"నేనూ అక్కడే! ఆ పిల్ల నీళ్ళు తెస్తే ముట్టడే, ఎంత రాతి గుండె!"

శైలు బట్టలు మడతపెట్టడం ఆపింది. "రాతి గుండేటమ్మా? కూతురింట నీళ్ళు ఎలాగ తాగుతాడు?"

నాకు బోధపడలేదు. అది నన్ను చిన్నపిల్లని చూసినట్టు చూసి, నెమ్మదిగా చెప్పింది. ఈ వైపు చాలా ఇళ్ళల్లో ఆచారమట. పిల్లనిచ్చిన ఇంట్లో తల్లిదండ్రులు అన్నం కాదు, మంచినీళ్ళు కూడా ముట్టరు. ఇచ్చేసిన ఇంటి నుంచి ఏదీ పుచ్చుకోకూడదు.

"మన పక్క క్వార్టర్ తివారీ అంకుల్ లేరేటి? ఆళ్ళ పెద్దకూతుర్ని నదవతల మాంగోలోనే ఇచ్చినారు. నాను నైన్త్‌లో ఉన్నప్పుడు, మే నెలలో మామిడిపళ్ళు పట్టుకెళ్ళినాడు, సైకిల్ మీద. తిరిగొచ్చి ఆళ్ళింటి దాకా కూడా వెళ్ళనేకపోయినాడు. మన కుళాయి దగ్గరే కూలబడిపోయినాడు. నానే చెంబుతో పోసినాను, రెండు చెంబులు తాగినాడు. అప్పుడే ఈ బుక్కు చదివినాను. ఆ తండ్రికి ఎంత దాహం ఏసుంటాదో నాకు తెలుసమ్మా."

మావైపూ పెద్దవాళ్ళు కొందరు మనవడు పుట్టేదాకా కూతురింట తినకూడదంటారు గానీ, దాన్ని పట్టించుకున్నవాళ్ళని నేను చూడలేదు. మా నాన్నయితే మా ఇంటికొచ్చి పెరుగు గడ్డకట్టలేదని నన్ను తిట్టి, రెండోసారి వడ్డించుకుని తినేవాడు. ఆయన కూతుర్ని కదా, ఆ పడవవాడు నాకెలా అర్థమవుతాడు? పంతం కాదది. గడప దాకా రాగలిగి, ఎండలో దాహంతో నిలబడి, పిల్ల చేతిలో నీళ్ళు చూసి కూడా పుచ్చుకోలేక వెళ్ళిపోయాడు. ఇద్దరం ఒకే పేజీ దగ్గర ఏడ్చాం. నేను కూతురి కోసం, నా కూతురు తండ్రి కోసం.

ఆ మాట అనుకోగానే నాకు ఏడుపాగలేదు. ఎందుకేడుస్తున్నానో శైలుకీ చెప్పాను. నువ్వు విశాఖపట్నం రానన్నావని కోపంగా ఉంది నాకు అన్నాను. నిన్ను చూడకుండా ఉండలేకపోతున్నాను, అలవాటవుతుందనుకున్నాను, అవలేదు అన్నాను. పిల్లల ముందు పెద్దవాళ్ళు అనకూడని మాటలంటారు వీటిని. అది నా పక్కన నేల మీద కూర్చుంది.

"నాకు మాత్రం అయిందేటి అలవాటు?" అంది.

తర్వాత తనే తెలుగు పుస్తకాన్ని ఒళ్ళోకి తీసుకుంది. "అమ్మా, నాకిదే కావాల. కథ మొత్తం తెలుసు కదా, అందుకని అక్షరాలు రాకపోయినా ఆగిపోను. ముందేటి వత్తాదో తెలుసు."

టీచరుగా నాకది తెలియాల్సిన సంగతి. నోటికొచ్చిన పద్యం మీద వేలు పెట్టుకుని పిల్లలు చదివినట్టు నటిస్తారు. నటించి నటించి ఒకనాడు నిజంగానే చదివేస్తారు.

"మరి ఈ హిందీది?" అన్నాను.

"నువ్వు పట్టుకెళ్ళు. నీకూ కథ తెలుసు కదేటి?"

మా చదువుల్లో హిందీ పీరియడంటే మాష్టారు కునుకు తీసే పీరియడు. అక్షరాల్లో సగం గుర్తులేవు. సరే అన్నాను. రాత్రి పది దాటాక షిఫ్టు నుంచి వచ్చిన మావారికి ఇద్దరం చెరో పుస్తకం పట్టుకుని, వేళ్ళు పెట్టి కూడబలుక్కుంటూ కనబడ్డాం. ఆయన బూట్లు విప్పుతూ, "ఏటిది, ఇద్దరికిద్దరూ ఒకటో క్లాసా? ఫెయిలయితే ఫీజు నాను కట్టను" అన్నారు.

మాంగో బస్టాండు

నది దాటితే మాంగో. రాంచీ బస్సులు ఇక్కడి నుంచే. హాస్టల్లో దింపడానికి ఆయన వెళ్తున్నారు. నా సెలవు అయిపోయింది, సాయంత్రం బండికి నేను ఇటు. పెట్టె పైకెక్కించారు. డ్రైవరు టీ తాగుతూ ఎంతకీ రాలేదు. బస్సు కదిలేదాకా ఏం మాట్లాడాలో తోచక, హాస్టల్లో దోమతెర కట్టుకోమని అప్పటికే చెప్పిన మాట మళ్ళీ చెప్పాను.

శైలు కిటికీ దగ్గర కూర్చుని సంచీలోంచి నవల తీసింది. మిగిలిన మొదటి పేజీ తెరిచి, వేలు పెట్టి, నాకు వినబడేలా గట్టిగా చదవడం మొదలుపెట్టింది. కింద నిలబడి విన్నాను. రెండో పదంలో వత్తు తప్పింది. దిద్దడానికి నోరు తెరిచాను, ఇరవై ఏళ్ళ అలవాటు. మూసేశాను. మూడో పదం సరిగ్గా వచ్చింది. చుట్టూ రాంచీ రాంచీ అని అరుపులు, పల్లీల బుట్టలు, హారన్లు. ఆ గోలలో నా పిల్ల తెలుగు చదువుతోంది. వాక్యం పూర్తికాకుండానే బస్సు కదిలింది. అది చదవడం ఆపలేదు, నేను చెయ్యి ఊపలేదు. చెయ్యి ఊపితే వినడం పోతుందనిపించింది.

మందస

వచ్చి నెల కావస్తోంది. బడి నుంచి రాగానే కాళ్ళు కడుక్కుని హిందీ పుస్తకం తీస్తున్నాను. రోజుకి అర పేజీ నడుస్తోంది. కథ తెలుసు కాబట్టి ఆగడం లేదు. తెలిసిన కథే అయినా ఆ పడవవాడు నాకు ఇప్పుడు కొత్త మనిషి. మా ఊరి పెద్దబళ్ళో హిందీ పండితుడున్నాడు గానీ ఆయన్ని ఏదీ అడగడం లేదు. అక్కడ రాంచీలో శైలు ఎవర్నీ అడగకుండానే చదువుతోందని నాకు తెలుసు.

నిన్న వాకిట్లో కూర్చుని చదువుతుంటే ఎదురింటి అప్పలనరసమ్మ బిందెతో వెళ్తూ ఆగింది.

"ఏటి మేష్టారమ్మా, ఈ వయసులో అచ్చరాలు కూడబలుక్కుంతన్నారు? ఏటా బాస?"

"హిందీ."

"ఓలమ్మ! హిందీ పరీచ్చకి కట్టినారేటి?"

"కట్టాను."

"ఎప్పుడు పరీచ్చ?"

"ఇంకా తెలీదు నరసమ్మా. పరీక్ష పెట్టే మనిషికి ముందు వాళ్ళ కాలేజీలో సెలవులివ్వాలి" అన్నాను.